కూర్చోబెట్టిన రోజులు

మా ఫ్యాక్టరీలో చెయ్యి నలిగినవాడైనా సరే, మర్నాడు డ్యూటీకి రావాలి. పని చెయ్యడానికి కాదు, కూర్చోవడానికి. కార్మికుల భద్రత బాగా చూసే కంపెనీలకి ఇచ్చే గుర్తింపు ఒకటుంది. బలవంతమేమీ లేదు, కావాలనుకున్నవాళ్ళే దరఖాస్తు పెట్టుకుంటారు. దెబ్బ తగిలి మనిషి రాకపోతేనే ఆ రోజు వాళ్ళ లెక్కలోకి వచ్చేది. వచ్చి కూర్చుంటే దెబ్బ తగలనట్టే. అందుకని గాయపడ్డవాళ్ళని వాళ్ళుండే గదికి జీపు పంపి మరీ రప్పించి, నా బల్ల ఎదురుగా కూర్చోబెట్టేవారు. ఢిల్లీ పక్కనున్న మానేసర్‌లోని ఆ ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసర్ని నేనే మరి.

ఆ ఏడాది కూర్చున్నవాడు శ్రీకాకుళం వైపు మనిషి. నలభై దాటిన కాంట్రాక్టు కార్మికుడు. రేకులు నొక్కే ప్రెస్సు మిషన్లో పడి కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. "ఏటమ్మా ఇది, పెళ్ళిసూపులికి కూకోబెట్టినట్టు కూకోబెట్టేరు!" అని మొదటిరోజు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా గోడకేసి చూసేవాడు. మధ్యాహ్నానికి నొప్పి ఎక్కువై పెదవి కొరుక్కునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంటికి పోయి పడుకోవలసిన మనిషికి ఇదేం శిక్ష!

అప్పుడే ఆ గుర్తింపు ఇచ్చేవాళ్ళు నిబంధనలు మారుస్తున్నామనీ, అభిప్రాయాలు పంపమనీ అడిగారు. ఢిల్లీలో ధౌలా కువాన్‌లో కంపెనీ బస్సు కోసం నిలబడి ఫోన్లోనే రాసి పంపాను. ఊరికే కూర్చోబెట్టిన రోజుల్ని కూడా పనికి రాని రోజులుగానే లెక్కించండి అని. "నీకెందుకొచ్చిన గొడవ?" అన్నారు మా ఆయన. నాలాగే ఇంకెంతమంది రాశారో తెలియదు గానీ, కొత్త నిబంధనల్లో ఆ మాట వచ్చింది. ఆ సాయంత్రం మేముండే జనక్‌పురిలో దిగి మిఠాయి కొనుక్కుని ఇంటికి వెళ్ళాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వారం తిరక్కుండా మేనేజరు పిలిచాడు.

"అచ్ఛా మేడమ్, ఇప్పుడు అతను ఇక్కడ కూర్చున్నా లెక్కే, ఇంట్లో ఉన్నా లెక్కే. మన మనిషి కాకపోతేనే లెక్క కాదు. నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోతుందని చెప్పెయ్యండి. మీరైతే తెలుగులో చెప్తారు."

"ఈఎస్ఐ బీమా నుంచి ఏదైనా వచ్చేలా చూద్దాం సార్."

"పెద్ద ప్రమాదమని రాసి ఉంటేనే ఇస్తారు. మీరు రాయలేదు కదా?"

రాయలేదు. రిజిస్టర్లో చిన్న గాయం, ప్రథమ చికిత్స అని రాసింది నేనే. అందరూ అలాగే రాస్తారు, నేనూ అలాగే రాశాను. ఇప్పుడు దిద్దితే ముందు పోయేది నా ఉద్యోగం. సరేనని వచ్చేశాను.

అతనికి చెప్పాను. ఇంటికి వెళ్ళి చెయ్యి బాగుచేయించుకోమన్నాను, మానాక చూద్దామన్నాను.

"కూకోడం నాకేటీ కట్టం కాదమ్మా. ఇంకో రెండు నెల్లు ఇలాగే కూకుంటాను. నొప్పని కూడా అనను. మీరొక్క మాట సెప్పండమ్మా, మీ మాట ఇంటారు."

"నా చేతిలో లేదు బాబూ," అన్నాను. ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. వాళ్ళ మీద రావలసింది, నా మీద రావలసింది. ఏదీ రాలేదు. కంప్యూటర్ వైపు తిరిగి మెయిళ్ళు చూసుకున్నాను. తల ఎత్తేసరికి అతను వెళ్ళిపోయాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది, అదే ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

చలికాలంలో ఆ గుర్తింపు ఇచ్చేవాళ్ళ దగ్గర్నుంచి పరిశీలనకి మనుషులు వచ్చారు. కొత్త పద్ధతిలో ఒక్కొక్కరితోనూ విడిగా మాట్లాడతారు, మేనేజర్లు ఎవరూ ఉండకూడదు. నా వంతు వచ్చింది. లోపల ఉన్నది నాకంటే పెద్దావిడ, నెమ్మదైన మనిషి. తనే లేచి తలుపు వేసింది.

"మీరు చెప్పింది ఈ గది దాటదు. మీ పేరు ఎక్కడా రాయను," అంది హిందీలో. "ఇక్కడ పనిచేసేవాళ్ళలో ఎవరికైనా దెబ్బ తగిలి, ఆ సంగతి బయటికి రాకుండా ఉండిపోయిందా?"

పెన్ను పక్కన పెట్టేసి ఎదురుచూసింది. తొందరపెట్టలేదు.

"ఇక్కడ పనిచేసేవాళ్ళలో ఎవరూ లేరు మేడమ్," అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆవిడ పెన్ను తీసి రాసుకుంది. నాకు థాంక్స్ చెప్పి, తర్వాతివాళ్ళని పంపమంది.