కొట్టేసిన జామకొమ్మ

నా చిన్నప్పుడు, పటాన్‌చెరు చుట్టూ ఇంకా ఫ్యాక్టరీలు రాకముందు, మా ఇంటికీ పక్కింటి ఖాలా ఇంటికీ మధ్య ఒక మట్టిగోడే అడ్డం. ఉర్దూలో పిన్నిని ఖాలా అంటారు, మేమూ ఆమెను అలాగే పిలిచేవాళ్లం. ఆమెకు భర్త లేడు. బట్టలు కుట్టి బతికేది. ఆమె జామచెట్టు కొమ్మ ఒకటి గోడ దాటి మా వాకిట్లోకి వంగింది. దాని మీద దాసరి పిట్టలు గూడు కట్టాయి. గుప్పిట్లో ఇమిడిపోయేంత పిట్టలు. తోకను విసనకర్రలా విప్పుకుని, సన్నగా ఈల వేస్తూ, మా బర్రె మీద ముసిరే ఈగలను గాలిలోనే పట్టి పిల్లల నోట్లో పెట్టేవి.

జామాకులు ఆరబోసిన మిరపకాయల్లో రాలుతున్నాయని మా తాతకు కోపం. కొమ్మ కొట్టేస్తానన్నాడు. ఖాలా గోడ మీదుగా బతిమాలింది.

"పిల్లలు ఎగిరిపోయేదాంక ఆగు అన్నా. అటెన్క నేనే కొట్టిస్త."

"సరే చెల్లె," అన్నాడు తాత.

ఊళ్లో తగాదా వస్తే తీర్పుకు తాతనే పిలిచేవారు. ఆయన మాటకు అంత విలువ. అలాంటి మనిషి, మర్నాడు ఖాలా బజారుకు వెళ్లగానే గొడ్డలి తీశాడు. నానమ్మ వద్దంటే, "పిట్టల కోసం ఆగాల్నా?" అని గుర్రుమన్నాడు. కొమ్మ విరిగి వేలాడింది. గూట్లోని రెండు పిల్లల్లో ఒకటి బండ మీద పడి చచ్చిపోయింది. తల్లిపిట్ట తాత తల చుట్టూ తిరుగుతూ అరిచింది.

ఖాలా వచ్చి చూసింది. పాత దుపట్టా చించి, గూడున్న కొమ్మను చెట్టుకే కట్టింది. పొద్దుగూకక ముందే పిట్ట తిరిగొచ్చి, మిగిలిన పిల్లకు మేత పెట్టింది.

"ఒకటన్న బతికింది కదా, ఇగ తిను," అంది నానమ్మ. తాత అన్నం ముట్టలేదు.

తెల్లారాక నా చెయ్యి పట్టుకుని ఖాలా ఇంటికి నడిచాడు. రవికలు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు అక్కడ కూర్చుని ఉన్నారు. వాళ్లందరి ముందు గడప దగ్గర ఆగి, "మాట తప్పిన చెల్లె. నీకు మొకం చూపియ్యలేకపోతున్న," అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. తల ఎత్తలేక నేలను చూస్తూ నిలబడ్డాను.

ఖాలా లేచి చాప వేసింది. "కూసో అన్నా," అంది. పోనియ్యి అని మాత్రం అనలేదు. తాత చాలాసేపు అలాగే తల వంచుకుని కూర్చున్నాడు.

ఎవరికైనా మాట ఇవ్వబోతే ఇప్పటికీ ఆ చాప మీది తాతే కళ్లముందుకొస్తాడు. తప్పిన రోజున, ఎవరూ పిలవకపోయినా, వాళ్ల గడప దాకా వెళ్లి నిలబడుతున్నానంటే అదీ ఆయన చలవే.