మేస్త్రీ మామ ఛాతీ మీద మూడు పువ్వులు

2005 ఫిబ్రవరి 17, గురువారం, ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలు. ఆ రోజుల్లో నాకు ప్రపంచమంతా మిల్లీమీటర్లలోనే కనిపించేది. అమీర్‌పేటలోని హాస్టలు (గదికి నలుగురం, అద్దం ఒక్కటే) నుంచి పంజాగుట్టలోని ఆసుపత్రికి నడిచి వెళ్లి, రేడియేషన్ విభాగంలో కొత్తగా చేరిన టెక్నీషియన్ ఉద్యోగాన్ని సరిహద్దు కాపలా అంత గంభీరంగా నిర్వహించేదాన్ని. మా యంత్రం లీనియర్ యాక్సిలరేటర్. ఎలక్ట్రాన్లను గొట్టంలో తిన్నగా, మహావేగంగా తరిమి, లోహపు పలకకు కొట్టించి, అక్కడ పుట్టిన ఎక్స్‌రేలను క్యాన్సర్ గడ్డ మీదికి గురిపెడుతుంది. పరమాణువు లోపలేముందో వెతికే శాస్త్రజ్ఞులు ఇదే జాతి యంత్రాలను కిలోమీటర్ల పొడవున కట్టుకుంటారనీ, మాది వాటికి చిట్టి తమ్ముడనీ, మా దగ్గర కిరణాల లెక్కలు చూసే ఫిజిసిస్టు సారు చెప్పిన నాటి నుంచి నా నడకే మారిపోయింది.

గురి తప్పకుండా రోగి ఒంటి మీద సిరాతో మూడు ప్లస్ గుర్తులు పెడతాం. గోడల నుంచి వచ్చే సన్నని లేజరు గీతలు రోజూ వాటి మీదే పడాలి. అవి చెరిగితే మళ్లీ స్కానింగు, మళ్లీ లెక్కలు, కొన్నాళ్ల విరామం. బోరబండ నుంచి వచ్చే తాపీమేస్త్రీకి (మాకందరికీ మేస్త్రీ మామ) ఛాతీలో గడ్డ. చికిత్స చివరికొచ్చింది, ఇప్పుడు విరామం పనికిరాదని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆదివారం ఆయన కూతురి పెళ్లి. "గుర్తులు చెరిగాయో, అంతా మొదటికొస్తుంది" అని బుధవారం నేను చూపుడువేలు ఆడించి మరీ హెచ్చరించాను.

గురువారం మామ చొక్కా విప్పాడు. గుబురు మీసాల ఆ మనిషి ఛాతీ నడుమ ఒకటి, పక్కలకు చెరొకటి, ఎర్రగా పండిన మూడు పువ్వులు! నడిమి పువ్వు పక్కన ఒక నెమలి.

"ఇదేంటి మేస్త్రీ గారూ!"

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నిన్న పొద్దుమీకి నలుగు పెట్టి తానం పోసిండ్రు. పెండ్లిపిల్ల నాయిన వద్దంటె ఊకుంటరా? గందుకే ముందుగాల్నే నీ గీతల మీద మా బిడ్డతోని మెహందీ పెట్టించిన. ఇగ సబ్బుతోని రుద్దినా పోదు!"

"మరి నెమలి?"

"గది పిల్ల ముచ్చట. నేను సుత వద్దనలే."

ఫిజిసిస్టు సారు వచ్చి కళ్లజోడు సవరించుకున్నారు. "ఏంటమ్మా ఇది? పేషెంటా, పెళ్లికొడుకా?" నాకు నవ్వు రాలేదు. సన్నగీత ఉండాల్సిన చోట వేలెడు మందం రేకులు; అసలు కేంద్రం ఎక్కడ? మామ నవ్వూ ఆరిపోయింది. "సార్, జర సూడుండ్రి. ఆపితే గడ్డ మల్ల పెరుగుతదట గదా."

సారు పరీక్ష ఎక్స్‌రే తీయించి, పాత ఫిల్ము పక్కన పెట్టి ఎముకకు ఎముక సరిచూశారు. రెండు పువ్వులు సరిగ్గానే పూశాయి; ఎడమది నాలుగు మిల్లీమీటర్లు పక్కకు పూసింది. ఆయన దాని రేకుల్లో సరైన చోట కొత్త గుర్తు పెట్టి, "చికిత్స ఆగదు. నెమలికి మాత్రం గురిపెట్టకండి, అది మన ప్లాన్‌లో లేదు" అన్నారు. మామ బల్ల మీద పడుకున్నచోటే రెండు చేతులూ జోడించబోతే, "కదలొద్దు!" అని సారూ నేనూ ఒక్కసారే అరిచాం.

ఆదివారం పెళ్లిలో, నేను వద్దంటున్నా పెళ్లికూతురే నా అరచేతిలో మెహందీతో ఒక ప్లస్ గీసి, చుట్టూ రేకులు దిద్దింది. సోమవారం అది చూసి సారు, "ఇక్కడ ఎవరికమ్మా గురి?" అన్నారు. ఇన్నేళ్ల తర్వాత, ఇప్పుడు అదే దారిలో లేచిన మెట్రో స్తంభాల కింద నడుస్తున్నప్పుడల్లా, వేలు ఆడించుకుంటూ పోయే ఆనాటి నాలాంటి పిల్ల ఎదురొస్తే పక్కకు తప్పుకుందామనిపిస్తుంది. ఆనాటి నేను ఎంత తొందరగా నడిచేదాన్నో!

పోయినవి: నాలుగు మిల్లీమీటర్లు, నా గాంభీర్యం, కొన్ని వారాలకు నెమలి. మిగిలింది: నెరిసిన మీసంతో, ఇప్పటికీ ఏటేటా పరీక్షకు వచ్చే మామ.