కొలంబో నాచు

గున్నేశ్వరరావు పులి ఎదురైతే నమస్కారం పెట్టి పక్కకి తప్పుకునే రకం. మర్యాదస్తుడు, పిరికివాడు. రామచంద్రపురం బజారులో ఆయనది ఇత్తడి సామాను కొట్టు. పిడుగు ఇత్తడి మీదే ముందు పడుతుందని ఎవరో ఆకతాయి చెప్పినప్పటి నుంచి, మబ్బు పట్టిందంటే కొట్టు గుమాస్తాకి వదిలేసి ఎదురుగా బట్టల కొట్టు అరుగెక్కి కూర్చునేవాడు. అలాంటి మనిషి కస్టమ్స్ వాళ్ల కన్నుగప్పి పై దేశాల మొక్కలు తెప్పించుకునేవాడంటే ఊళ్లో సగం మంది నమ్మేవారు కాదు. మిగతా సగం మందీ నమ్మేవారు. వాళ్ల పెరళ్లలో ఉన్నవి ఆయన దొడ్లోంచి వచ్చిన కొమ్మలే మరి.

తెచ్చిపెట్టేది యెహెజ్కేలు. కాకినాడ మనిషి, సరుకుల ఓడలో ఇంజను పని. పాత ఓడల ఇత్తడి దీపాలు అమ్మడానికి కొట్టుకి వస్తూ పోతూ స్నేహితుడయ్యాడు. విత్తనాలైతే చొక్కా కాలరు మడతలో కుట్టుకుని, దుంపలైతే టిఫిన్ క్యారేజీ అడుగు గిన్నెలో అన్నం కింద కప్పి తెచ్చేవాడు. వాటికి అనుమతి కాగితాలు ఉండాలని ఇద్దరికీ తెలుసు. అందుకే కొత్త మొక్క ఇంటికి చేరిన వారం, ఖాకీ బట్టలు కనిపిస్తే చాలు గున్నేశ్వరరావు కంటపడకుండా తప్పుకునేవాడు. ఒకసారి పోస్టుమాన్‌ని చూసి ధాన్యం గాదె వెనక దాక్కున్నాడు.

అయినా మానలేదు. జాంజిబారు నుంచి వచ్చిన గుమ్మడి పాదు పాకి పాకి పక్కింటి డాబా ఎక్కి రేడియో ఏరియల్‌ని చుట్టుకుంటే, ఆ ఇంటివాళ్లకి కాయ కోసేదాకా సముద్రపు హోరు తప్ప మరేదీ వినపడలేదు. సింగపూరు మందారం మొదటిసారి పూసిన రోజు ఆయన కొట్టు తెరవలేదు. దాని ముందు పీట వేసుకుని, సాయంత్రం పువ్వు ముడుచుకునేదాకా కూర్చున్నాడు. ఆయనకి భయం ఎంత ఉండేదో, ముచ్చట అంతకి చిటికెడు ఎక్కువుండేది.

1978లో ఎండలు ముదరకముందు యెహెజ్కేలు కొలంబో నుంచి తడిగుడ్డలో చుట్టి ఒక నీటి మొక్క తెచ్చాడు. వేలిగోరంత ఆకులు, జంటలు జంటలుగా, మీద మెత్తటి నూగు. నీళ్లు చల్లితే బొట్టు నిలవకుండా ముత్యాల్లా దొర్లిపోయేవి. గున్నేశ్వరరావు కొట్టులో అమ్ముడుపోని పెద్ద ఇత్తడి గంగాళంలో నీళ్లు పోసి దాన్ని వదిలాడు. పక్షం తిరక్కుండానే గంగాళం నిండిపోయింది. సగం తీసి రెండో గంగాళంలో వేస్తే అదీ నిండింది. గున్నేశ్వరరావు మురిసిపోయాడు.

మే నెలలో వాళ్లింట్లో మరదలి కూతురికి ఓణీల పేరంటం జరిగింది. పేరంటాళ్లు వెళ్లాక చూస్తే గంగాళాల్లో అక్కడక్కడ పచ్చదనం చిరిగి నీళ్లు బయటపడ్డాయి. గుప్పెళ్లు గుప్పెళ్లు పోయాయి. ఆయనకి కోపం రాలేదు సరికదా, గర్వం వచ్చింది. మొక్కని అడిగి పుచ్చుకుంటే బతకదనీ, చెప్పకుండా తుంచుకుపోతేనే నాటుకుంటుందనీ అక్కడి ఆడవాళ్ల నమ్మకం. తుంచినావిడ ఒప్పుకోకూడదు. చూసినా ఇంటివాళ్లు అడగకూడదు. ఎన్ని కొమ్మలు పోతే ఆ ఇంటి తోటకి అంత పేరు.

ఆ గర్వం జ్ఞానప్రకాశం మాస్టారు బిందె కొనడానికి వచ్చేదాకా నిలిచింది. ఆయన కాలేజీలో బోటనీ లెక్చరరు. మొక్కల మాట రాగానే గున్నేశ్వరరావు కొట్టు వెనకే ఉన్న తన ఇంటి దొడ్లోకి తీసుకెళ్లి చూపించాడు. మాస్టారు గంగాళం ముందు ఆగి, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇదెక్కడిదండి మీకు?"

గున్నేశ్వరరావు గంగాళం అంచు కండువాతో తుడవడం మొదలెట్టాడు. మాస్టారు రెట్టించలేదు. తను కేరళలో చదువుకున్నప్పుడు ఈ నాచు చూశానన్నాడు. అక్కడ కాలువల మీద ఇది చాపలా పరుచుకుని పడవల్ని ఆపేసిందనీ, చేలల్లోకి దిగితే రైతులు పీకలేక వదిలేశారనీ చెప్పాడు. దీనికి విత్తనం అక్కర్లేదు, తెగిన ముక్క చాలు.

"కాలువలో పడలేదు కదండీ?"

"లేదండి."

"నీళ్లు వదిలేలోగా ఎండబెట్టి కాల్చేయండి. వదిలాక ఎవరూ ఏం చెయ్యలేరు."

అప్పటికి కాలువలు కట్టేసి ఉన్నాయి. ఏటా వేసవిలో నీళ్లు ఆపి, పూడిక తీసి, గుర్రపుడెక్క ఏరించి, జూన్‌లో మళ్లీ వదులుతారు. ఆ గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు ఎవరో పువ్వు బాగుందని తెచ్చిందేనట. ఏరించిన కుప్పలు గట్టు మీద ఇళ్లంత ఎత్తున కుళ్లుతూంటే, దాన్ని తెచ్చినవాడెవడోగాని వాడి వంశాన్నంతా కూలీలు పేరుపేరునా తిట్టేవారు. పేరు తెలియకపోతేనే అన్ని తిట్లు. గున్నేశ్వరరావు పేరైతే ఊరందరికీ తెలుసు.

గంగాళాల్లోది ఆ పూటే డాబా మీద రేకుల మీద ఎండేసి, వేన్నీళ్ల బాయిలరులో పోసి కాల్చాడు. మిగిలింది పేరంటాళ్ల ఇళ్లకి పోయిన గుప్పెళ్లు. అడిగితే ఎవరూ ఒప్పుకోరు. ప్రమాదమని దండోరా వేయిద్దామని ఆయనకి తోచింది. భార్య శ్యామలాంబ ఒత్తులు చేసుకుంటూ తలెత్తకుండానే అంది.

"చెబితే భయపడి పారేస్తారు. ఎక్కడ పారేస్తారండీ? పూజ చేసిన పత్రి అయినా, చినిగిన దేవుడి పటమైనా మనం ఎక్కడ కలుపుతాం?"

కాలువలో. నీళ్లు లేకపోతే, వచ్చినప్పుడు అవే తీసుకుపోతాయని ఎండిన అడుగున పెట్టి దణ్ణం పెట్టి వస్తారు. దారి ఒకటే మిగిలింది. ఎలా పోయిందో అలాగే తెచ్చుకోవాలి.

అలా ఊళ్లో పరువుగల వర్తకుడు పట్టపగలు దొంగయ్యాడు. శ్యామలాంబ కొత్తావకాయ సీసా పట్టుకుని ముందు గదిలో ఇల్లాలిని మాటల్లో పెట్టేది. ఆయన కాళ్లు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లి, తొట్టెలు, కుండీలు, కుడితి గోలేలు వెతికేవాడు. కంగారులో నాచు ముక్కలు కింద పడేవి. ముక్క చాలన్నాడు కదా మాస్టారని మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ ఏరేవాడు. ఒక ఇంట్లో కుక్క పంచె పట్టుకుంది. ఇంకో ఇంట్లో తొట్టెలో మోచేతిదాకా చెయ్యి ఉండగా ఇల్లాలే ఎదురొచ్చింది. ఆవిడ తొట్టెని చూసింది, ఆయన్ని చూసింది. అది తను తుంచుకొచ్చిందే కాబట్టి ఏమీ అనలేక, "ఎండ మండిపోతోందండి" అని లోపలికి వెళ్లిపోయింది. జేబులో తడినాచు కారి పంచె ముందు భాగం తడిసేది. దాని మీద బజారులో ఒక మాట పుట్టింది. డాక్టరు దగ్గరికి వెళ్లమని సలహా చెప్పినవాళ్లకి గున్నేశ్వరరావు వెళ్తానన్నాడే గాని కాదనలేదు.

పేరంటానికి వచ్చినవాళ్లని శ్యామలాంబ ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంది. అందరిళ్లూ అయ్యాయి. కాలువ గట్టు పక్కన సంపూర్ణమ్మ ఇంట్లో మాత్రం ఏమీ దొరకలేదు. పెద్ద రైతు కుటుంబం, పొలమంతా అదే కాలువ శివారున, నీళ్లు అందరికంటే చివర అందే చోట ఉంది. ఆయన రెండుసార్లు పెరట్లోకి వెళ్లేసరికి ఆవిడ, "ఏంటయ్యా, మా గేదెని గాని బేరం చేస్తావా?" అని అడిగింది. తీసుకుని ఉండదులే అనుకున్నాడు. అనుకున్నాడేగాని అన్నం సయించలేదు. పచ్చటి చీర కట్టిన మనిషి వీధిలో వెళ్లినా ఉలిక్కిపడేవాడు.

నీళ్లు వదిలారని కబురొచ్చిన పొద్దున జనం రేవు దగ్గర చేరారు. కొత్త నీటికి పసుపు కుంకుమ ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. గున్నేశ్వరరావు గట్టున నిలబడి వచ్చే ప్రతి పళ్లెంలోకీ తొంగిచూస్తున్నాడు. దూరాన కాలువ అడుగున ఎర్రటి నీళ్లు నురుగుతో, ఎండుటాకుల్ని తోసుకుంటూ వస్తున్నాయి. అప్పుడు సంపూర్ణమ్మ మెట్లు దిగింది. పళ్లెంలో పసుపు, కుంకుమ, రవికెల గుడ్డ, మధ్యలో ఇత్తడి గిన్నె. గిన్నె అంచుదాకా ఆ నూగు ఆకులు. ఇన్నాళ్లూ దాన్ని దేవుడి గదిలో పెంచింది. ఇంతలా పిలకలేసే మొక్కని గంగమ్మకిస్తే పంట కూడా అలాగే పిలకలేస్తుందని పక్కావిడతో చెబుతోంది.

గట్టు మీద జనాన్ని అదుపు చేస్తూ కానిస్టేబులున్నాడు. లాకు దగ్గరి ఉద్యోగులున్నారు. గున్నేశ్వరరావు వాళ్లందరినీ చూశాడు. మెట్లు దిగి గిన్నె మీద చెయ్యి వేశాడు.

"పిన్నిగారూ, ఇది నీళ్లలో వెయ్యకండి."

"ఎందుకయ్యా?"

నీళ్లు కింది మెట్టుకి వచ్చేశాయి.

"ఇది నేను దొంగతనంగా తెప్పించిన మొక్కండి. కొలంబోది. కాలువని మింగేస్తుంది. ముందు ఎండేవి మీ శివారు చేలేనండి."

కానిస్టేబులు ఇటు తిరిగాడు. సంపూర్ణమ్మ పళ్లెంలోంచి గిన్నె పైకి తీసింది.

"ఇంతమందిలో చెప్పేశావుగా, ఇంకది బతకదులే. తీసుకుపో."

ఆవిడ గిన్నె వదలడం, ఆయన అందుకోవడంలో గిన్నె ఒరిగి మూడో నాలుగో ఆకులు మెట్టు మీద పడ్డాయి. అంతలో నీళ్లు ఆ మెట్టెక్కాయి. గున్నేశ్వరరావు ఈత రాని మనిషి. గిన్నె వెనకే మెట్లు దిగొచ్చిన శ్యామలాంబ చేతిలో పెట్టి నడుములోతుకి దిగిపోయాడు. నురుగులో తడిమి తడిమి మూడు ఆకులు పట్టుకున్నాడు. నాలుగోది కొట్టుకుపోయిందో, పడ్డవి మూడేనో ఆయనకి ఎప్పటికీ తెలియలేదు. కానిస్టేబులు చెయ్యిచ్చి పైకి లాగాడు. ఆయన ఖాకీని చూసి భయపడటం కూడా మరిచిపోయి, "మీకేమైనా కనపడిందా అండీ?" అని అడిగాడు.

ఆ తర్వాత మొక్కలు తెప్పించలేదు. ఏటా నీళ్లు వదలగానే గొడుగు పట్టుకుని శివారుదాకా గట్టంట నడిచేవాడు. పచ్చగా ఏది కదిలినా గొడుగు కొసతో దగ్గరికి లాక్కుని చూసేవాడు. శివారున సంపూర్ణమ్మ పొలం గట్టు మీంచి, "దొరికిందా?" అని అడిగేది. లేదండి అనేవాడు. అయితే భోంచేసి పొమ్మనేది. విస్తరి ముందు కూర్చుని, నాలుగు ముద్దలు తిని, ఇందాక వంతెన కింద ఏదో కదిలినట్టుందని ఎంగిలి చేత్తోనే లేచి వెళ్లేవాడు.