దాని మీద ఏం పూశావు?

ఎవరిస్తో పోలో అనే మనిషికి ప్రపంచాన్ని అడగటానికి ఒకే ప్రశ్న ఉండేది: "దాని మీద ఏం పూశావు?"

దెబ్బ తగిలినవాణ్ణి అడిగితే అర్థం ఉంది. పెళ్లికూతురి బుగ్గ మీద మొటిమ చూసి చర్చి మెట్ల మీదే అడిగాడు. ప్రసంగం మధ్యలో ఫాదర్ గారు మెడ గోక్కుంటే ముందు వరుసలోంచి లేచి అడిగాడు. ఫాదర్ గారు మైకులోనే "వెల్లుల్లి" అని ఒప్పుకుని, మళ్లీ మోక్షం సంగతికి వచ్చారు. చావు పలకరింపుకి వెళ్లినా నోరు ఊరుకోలేదు. "పూయటానికేముందయ్యా, నిద్దట్లో గుండె ఆగింది" అంది ఆ ఇంటావిడ. అతను కాస్త నిరాశగానే టోపీ పెట్టుకున్నాడు.

మగ్దలేనా నది ఒడ్డున మా పుయెర్తో రోసారియో ఆసుపత్రి ల్యాబ్‌లో అతను క్రిముల నిపుణుడు. మానని పుండ్లలోంచి నర్సులు దూదిపుల్లతో తీసిన తడిని గాజు పళ్లెంలోని జెల్లీ మీద రుద్ది, వెచ్చగా దాచి, ఏ క్రిమి మొలిచిందో, అది ఏ మందుకు చస్తుందో చెప్పాలి. చెప్పి ఇంటికి పోవచ్చు. ఎవరిస్తో మాత్రం పుల్లను వెలుతురులో తిప్పి చూసి, "ఇందులో కాఫీ పొడి ఉంది" అని, చెప్పులేసుకుని మనిషిని వెతుక్కుంటూ వెళ్లేవాడు.

ఉండక ఏం చేస్తుంది? తెగితే కాఫీ పొడి అద్దుతాం, కాలితే టూత్‌పేస్ట్ పూస్తాం, ఎంతకీ మానకపోతే బెల్లం, కలబంద, నమిలిన పొగాకు. ఇన్నీ చేసి డాక్టరు ముందు కూర్చుని "ఏమీ పూయలేదు డాక్టర్" అంటాం. మా ఊళ్లో అది అబద్ధం కింద రాదు, మర్యాద కింద వస్తుంది.

ఆ మర్యాదను పడగొట్టటానికి ఎవరిస్తో దగ్గర ఒక ఆయుధం ఉండేది: అతని కుడికాలు. పడవ నడిపే నికనోర్ దగ్గర అది ఎలా పనిచేసిందో నేను పక్కనే నిలబడి విన్నాను.

"ఏం పూశావు?"

"ఏం లేదు."

"మరి పుల్ల నిండా పొగాకు ఎట్లా వచ్చింది?"

"గాలికి వచ్చుంటుంది."

"సరేలే. నాకు పుండు లేచినప్పుడు నేనైతే ఈ కాలికి," అని ఎవరిస్తో మోకాలి కింద తట్టుకున్నాడు, "పొగాకు పెట్టి, పైన రమ్ము పోశాను."

"రమ్ము పోశావా? కాలికా?" నికనోర్‌కి నిజంగా బాధేసింది. "నేను పొగాకు వరకే పెట్టాను. రమ్ము తాగాను."

అంతే, నిజం బయటికి వచ్చేసింది. బొప్పాయి పాలు పూసినవాడికి ఎవరిస్తో తాను బస్సు బ్రేక్ ఆయిలు పోసుకున్నానని చెప్పేవాడు. బ్రేక్ ఆయిలు పోసినవాడు ఎదురైతే మొసలి కొవ్వు దాకా వెళ్లేవాడు. అతను చెప్పినవన్నీ జరిగి ఉంటే ఆ కాలిలో ఎముక మిగలటమే విశేషం. కుక్కలు కూడా నీళ్లలో పడుకునే ఎండలో అతను మందపాటి పొడుగు ప్యాంటు విప్పేవాడు కాదు, నదిలో దిగేవాడు కాదు. "ఈ కాలి మీది మచ్చ చూస్తే అన్నం మానేస్తారు" అనేవాడు. పిల్లలు ఆ మచ్చ ఎలా ఉంటుందో గోడల మీద బొగ్గుతో గీసేవారు. ఒక బొమ్మలో దానికి కళ్లు కూడా ఉన్నాయి.

ఇక మా పిన్ని దెల్మీరా సంగతి. కార్మెన్ మాత పండగకి కుంబియా నాట్యంలో ముందు వరుస ఆమెది. ఆమెకి చక్కెర జబ్బు. కాలి బొటనవేలి కింద ఒక పుండు లేచి నెలల తరబడి మానలేదు. పుల్ల తీసిన ప్రతిసారీ గాజు పళ్లెం శుభ్రంగా, బోసిగా ఉండేది. రాజధాని బొగోతా నుంచి వచ్చిన కుర్ర సర్జన్ తల పట్టుకున్నాడు. "క్రిములు కనబడటం లేదు. రక్తం అందక కండ చచ్చిపోతున్నట్టుంది. పండగ దాకా ఇట్లాగే ఉంటే వేలు తీసేద్దాం" అన్నాడు.

ఎవరిస్తో నమ్మలేదు. "మన ఊళ్లో చర్చి గంట మీద పుల్ల రుద్దినా ఏదో ఒకటి మొలుస్తుంది. మీ పిన్ని పుండు మీద మాత్రం ఏమీ లేదా?" అని నాతో పాటు ఇంటికొచ్చాడు.

"దాని మీద ఏం పూశారు, దెల్మీరమ్మా?"

"ఏమీ పూయలేదు. పరువుగల ఇల్లయ్యా ఇది."

అతను కాలు తట్టుకున్నాడు. కాఫీ పొడి చెప్పాడు. టూత్‌పేస్ట్ చెప్పాడు. గుర్రాల లేపనం దగ్గరికి వచ్చేసరికి పిన్ని తట్టుకోలేకపోయింది.

"ఛీ, ఏం మనిషివయ్యా. ఇన్ని పులుముకున్నావు, ఒక్కసారైనా కడుక్కున్నావా?"

"కడగటమా? దేంతో?"

"దేంతో ఏమిటి, ఇంత చదువుకుని? ఫినాయిలుతో. ఆసుపత్రికి వెళ్లే రోజు పొద్దున్నే నేను గ్లాసుడు పోసి బ్రష్షుతో రుద్దుతాను. మురికి కాలు డాక్టరు ముందు చాపటానికి నేనేమైనా దిక్కులేనిదాన్నా?"

ఎవరిస్తో కళ్లు మూసుకున్నాడు. పుల్ల తీసే పూటే క్రిముల్ని తుడిచిపెట్టి, కొత్తగా పుట్టే కండను కూడా కాల్చేసి, పిన్ని ముస్తాబై వెళ్తోంది. వాసన ఎవరికీ తగల్లేదు ఎందుకంటే ఆసుపత్రి నేల కడిగేదీ ఆ ఫినాయిలుతోనే.

ఇలాంటప్పుడు చదువుకున్నవాళ్లు చేసే మొదటి పని ఉపన్యాసం. అతను చేయలేదు. "నేను ఫినాయిలు మీద సున్నం కూడా పూశాను. మీరు చాలా నయం" అన్నాడు. "కొన్నాళ్లు మాత్రం నేనిచ్చే ఉప్పునీళ్లు తప్ప ఏమీ వద్దు."

"ఉప్పునీళ్లా? అదేం మందు?"

"మందు కాదు. అందుకే."

కొన్నాళ్లకి తానే వచ్చాడు. పైనున్న చీమును ఉప్పునీళ్లతో కడిగేసి, అడుగున ఎర్రగా కనబడిన కండ మీద పుల్లను నొక్కి, తడి ఊరేదాకా మెల్లగా తిప్పాడు. ఈసారి పళ్లెం నిండా బంగారు రంగు చుక్కలు మొలిచాయి. "ఇదిగో దెల్మీరమ్మా, అద్దె కట్టకుండా మీ కాలిలో కాపురమున్నవాళ్లు" అని గాజు అవతల నుంచి చూపించాడు. వాటికి సరిపడే మందు దొరికింది, బరువు పడకుండా సర్జన్ మెత్తటి చెప్పు చేయించాడు. పండగ నాటికి వేలు ఉంది, పుండు పూడుతోంది. సర్జన్ కూడా రోగుల్ని ఆ ప్రశ్నే అడగటం మొదలుపెట్టాడు. కాలు తట్టుకోవటం మాత్రం అతనికి అబ్బలేదు.

పండగ రోజు మాత విగ్రహాన్ని పడవలో తెచ్చి రేవులో దించుతుంటే అది ఒరిగింది. పట్టుకోబోయి ఎవరిస్తో తొడల దాకా బురదలో దిగబడ్డాడు. పిన్నీ నేనూ తువ్వాలు పట్టుకుని పడవల కొట్టం వెనక్కి వెళ్లేసరికి, ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి పంపు కింద కాళ్లు కడుక్కుంటున్నాడు.

కుడికాలు చూశాం. నున్నగా ఉంది. పొరపాటు పడ్డామేమోనని ఎడమకాలూ చూశాం. అదీ అంతే. దోమ కుట్టిన గుర్తు కూడా లేదు.

"బ్రేక్ ఆయిలు?" అంది పిన్ని.

"బస్సులోనే ఉంది, అమ్మా" అన్నాడతను తల వంచుకుని.

పిన్ని తువ్వాలు అతని చేతిలో పెట్టి చౌరస్తాలోకి నడిచింది. అతన్ని మహాత్ముడనమంటే నేను అనను. పుండు గురించి తెలుసుకోకపోతే నిద్రపట్టని మనిషి, అంతే. కాకపోతే ఎదుటివాళ్లు సిగ్గుపడకుండా ఉండాలని జన్మంతా ప్యాంటులో ఉడికాడు.

డోళ్లు మొదలయ్యాయి. ఈ ఏడు డాక్టరు పిన్నికి చప్పట్లు కొట్టటానికే అనుమతిచ్చాడు. బల్ల మీద పొరుగింటి పెత్రోనీలా కూర్చుని ఉంది, అంత ఎండలో ఒక కాలికి మేజోడు తొడుక్కుని, ఆ కాలిని పావడా కిందికి లాక్కుంటూ. పిన్ని వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"ఎవరిస్తో కాలు ఇప్పుడే చూశానే తల్లీ" అంది గొంతు తగ్గించి. "అబ్బ, చూడలేకపోయాను."

పెత్రోనీలా నోరు తెరిచింది. "అంత ఘోరమా?"

"అంతకన్నా." పిన్ని చెప్పులోంచి తన పాదం బయటికి తీసి ముందుకు చాపింది. "నాది అంత లేదనుకో. నేను ఫినాయిలు పోశాను. నువ్వేం పూశావు?"