ఏ దుంగ? ఏ వైపు?

పెద్దసారుకి ఉన్నది ఒకటే జబ్బు. ఏది ఎక్కడుందో అంగుళంతో సహా చెబితేగానీ నమ్మడు. టీ బల్లమీద పెట్టానంటే బల్లకి ఏ మూలన అంటాడు. తలనొప్పి, సెలవు కావాలంటే ఏ కణతమ్మా అంటాడు. రెండేళ్ళుగా ఆయన ఉత్తరాలు టైపు చేస్తున్న అమ్మాయికి తల ప్రాణం తోకకొచ్చింది.

అడవిలో పుచ్చిన దుంగల కింద బతికే ఒక నల్ల పెంకుపురుగు ఎక్కడెక్కడుందో చీటీలు రాసి, పటంలో చుక్కలు పెట్టడం ఆ ఆఫీసు పని. టైపు చేసే మనిషికి పురుగుతో ఏం పని చెప్పండి? అయినా ప్రతి శనివారం ఆమెని అడవికి లాక్కుపోయేవాడు. తీరా దుంగ ఎత్తాక, కళ్ళజోడు కనబడటం లేదు, నువ్వే చూడమ్మా అనేవాడు. కళ్ళజోడు నెత్తిమీదే ఉండేది. ఆ మాట చెప్పే ఓపిక కూడా ఆమెకి మిగిలేది కాదు. చీటీ మాత్రం ఆయనే రాసి జేబులో పెట్టుకునేవాడు. అక్కడితో వదిలాడా? సోమవారం వచ్చీ రాగానే ఏ దుంగ, ఏ వైపు, నేలకి ఎంతెత్తు అని మళ్ళీ మొదలు.

ఇంతలో కొత్త అధికారిణి వచ్చింది. తాత్కాలిక ఉద్యోగుల్లో అడవి పని చేసినవాళ్ళనే ఉంచుతారట, టైపు వాళ్ళని నెలాఖరుకి పంపేస్తారట. ఆ జీతం మీదే అమ్మాయీ, వాళ్ళమ్మా బతుకుతున్నారు.

అధికారిణి చీటీల పెట్టె ముందేసుకుని తిరగేసింది. నూట నలభై చీటీల్లో పురుగుని చూసినవారి పేరు నీదే ఉందేమిటని అమ్మాయిని అడిగింది. అమ్మాయికి ఆ సంగతే తెలీదు. అధికారిణికి నమ్మకం కుదరక ఒక చీటీని అరచేత్తో మూసేసింది.

"కిందటేడు వానల్లో, వాగు దగ్గర. ఎక్కడ చూశావు?"

"వాగు దాటాక మూడో దుంగండీ. ఉత్తరం వైపు, నేలకి జానెడెత్తున, తడి బెరడు కింద," అంది అమ్మాయి, సోమవారాల అలవాటు కొద్దీ, నీరసంగా.

ఇంకో నాలుగు అడిగింది. నాలుగూ అలాగే వచ్చాయి. అధికారిణి ఉంచేవాళ్ళ జాబితాలో ఆమె పేరు రాసుకుంది.

పెట్టెలో అన్నిటికన్నా అడుగున ఉన్న చీటీ, అమ్మాయి ఉద్యోగంలో చేరిన మొదటి శనివారానిది. దానిమీదా ఆమె పేరే ఉంది. టైపు వాళ్ళకి ఎప్పటికైనా ఈ గతి పడుతుందని ఆయనకి అప్పుడే తెలుసన్నమాట. ఇన్నాళ్ళూ మనసులో తిట్టుకున్నందుకు ఆమెకి సిగ్గేసింది.

వరండాలో పెద్దసారు కళ్ళజోడు నెత్తిమీదే పెట్టుకుని, పేపర్లో సన్నక్షరాలు గడగడా చదువుకుంటున్నాడు. ఆమెని చూడగానే పేపరు పక్కన పడేసి బల్లంతా తడమడం మొదలెట్టాడు.

"మీ నెత్తిమీదే ఉందండీ," అందామె.

"నెత్తికి ఏ వైపు?"

"ఎడమ చెవికి రెండంగుళాలు పైన," అని చెప్పి, రేపు శనివారం ఎన్నింటికి బయల్దేరాలో మొట్టమొదటిసారి తనే అడిగింది.