ఆ ‘కొత్త ఓడ’ మా అమ్మ

మా చిన్నప్పుడు... సింగపూర్‌లో, సెంబవాంగ్ బీచ్‌లో మా అమ్మ చీర కుచ్చిళ్లు రెండు చేతులా ఎత్తి పట్టుకుని నీళ్లలోకి దిగింది. ముందు మోకాళ్ల దాకా... తర్వాత నడుం దాకా. ఆఖరికి కుచ్చిళ్లు వదిలేసింది. నైలెక్స్ చీర గాలి నింపుకుని గొడుగులా పైకి తేలింది. అమ్మ దాన్ని కిందికి నొక్కడం, అది మళ్లీ లేవడం... ఒకటే నవ్వు.

అమ్మ పుట్టింది కాకినాడ దగ్గర, సముద్రానికి కూతవేటు దూరంలో. కానీ ఆడపిల్ల సముద్రంలో దిగి తడిబట్టలతో వీధిలో నడిచొస్తే నలుగురూ ఏమనుకుంటారు... అందుకని పెళ్లయ్యేదాకా ఒడ్డునే నిలబడి చూసింది. మొదటిసారి మునిగింది ఇక్కడే, సింగపూర్‌లోనే. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

వైటూకే హడావిడిలో కంప్యూటర్ ఉద్యోగాలకని వచ్చినవాళ్లం మేం. ఆంగ్ మో కియోలో అద్దె ఫ్లాటు. ఆదివారం వచ్చిందంటే తెలుగు కుటుంబాలన్నీ కలిసి పులిహోర డబ్బాలు, చాపలు, మరచెంబులు సర్దుకుని బీచ్‌కి పోయేవాళ్లం.

మా నాన్న బొమ్మలు బాగా వేసేవారు. ఓసారి పాత సామాన్లు అమ్మే ఓ చైనీస్ తాత దగ్గర ఆయనకి అట్టపెట్టె నిండా ఇంగ్లండ్ బీచ్ పోస్టుకార్డులు దొరికాయి. సెంబవాంగ్‌లో బ్రిటిష్ నేవీ బేస్ ఉన్న రోజుల్లో ఇక్కడున్న తెల్లవాళ్లు వదిలేసి పోయినవట. అన్నింట్లోనూ ఒకటే తంతు... గుమ్మడికాయలాంటి ఆడమనిషి, పక్కన అగ్గిపుల్లలాంటి ఎర్రముక్కు మొగుడు, కింద ఓ కొంటె మాట. సెలవులకి బీచ్‌కెళ్లిన వాళ్లు ఇవి కొని ఇంటికి పోస్టు చేసేవాళ్లట.

“ఇవి బూతని కోర్టుకి లాగారు తెలుసా, షాపుల మీద పడి కట్టలు కట్టలు పట్టుకుపోయారు” అని నాన్న గొప్పగా చెప్పేవారు. నిజమే, పెద్దయ్యాక నేనూ చదివాను. బూతు మాటకి కేసులు పెట్టారు. ఆ లావుపాటావిడని అన్నేళ్లు ఎగతాళి చేసినందుకు మాత్రం ఎవరూ ఏ కేసూ పెట్టలేదు. ఆవిడ ఎవరింటి మనిషో అని ఎవరికీ అనిపించలేదు మరి.

నాన్నకీ అనిపించలేదు. ఆ డిసెంబర్‌లో ఆయనా ఓ కార్డు వేశారు. నీలం సముద్రం... బుడగలా ఉబ్బిన చీర... మధ్యలో మూడింతలు చేసిన మా అమ్మ. కొంగు పట్టుకుని వేలాడుతూ బక్కమొగుడు. కింద, “సెంబవాంగ్ రేవుకి కొత్త ఓడ వచ్చింది!” మా అమ్మ అంత లావేం కాదు. అయినా లావైతే మాత్రం ఏంటి?!

ఆఫీసు స్కానర్‌లో పెట్టి, కలర్ ప్రింట్లు తీసి, న్యూ ఇయర్ గ్రీటింగ్ అని ఇండియాలో చుట్టాలకి పోస్టు చేశారు. ఇక్కడి స్నేహితులకి ఈమెయిల్. చూడనిది అమ్మా, నేనూ.

లిటిల్ ఇండియాలో కూరగాయల కొట్టు ముందు అమ్మ గోంగూర కట్టలు ఏరుతుంటే తెలిసినావిడ ఒకామె ఎదురొచ్చి, “ఏవండీ, ఓడగారూ!” అంది.

అమ్మకి అర్థం కాలేదు. “ఏంటండీ?”

“అయ్యో, కార్డు మీరు చూళ్లేదా? మావారు ఆఫీసులో అందరికీ చూపించారండీ. కడుపుబ్బ నవ్వుకున్నాం!”

అమ్మ కూడా నవ్వింది. నవ్వి, చేతిలో గోంగూర అక్కడే పెట్టేసి నా చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చేసింది.

“నన్నో మాట అడిగారా?” అంది నాన్నని.

“సరదాకి వేశానే. ఇంతదానికి ఏడుస్తావేంటి?”

“నాన్నా, నాట్ ఫన్నీ లా!” అని నేను ఇక్కడి స్కూలు పిల్లల యాసలో అరిచాను. నీకు తెలీదు, ఊరుకో అన్నారు.

పిక్నిక్‌లు ఆగలేదు. అమ్మే ఆగిపోయింది. “రండి వదినా” అని ఎవరు పిలిచినా, “మీరెళ్లండి, నేను చోప్ చేసుకుని కూర్చుంటా” అనేది. చోటు పట్టుకుని కాయడాన్ని ఇక్కడ అలాగే అంటారు. మా పులిహోర డబ్బాలు ఎవరెత్తుకుపోతారనీ... ప్రతి ఆదివారం అలా చాప మీద కూర్చుని మా చెప్పులకి కాపలా కాసింది. సముద్రం మళ్లీ వెనకటిలాగే, ఒడ్డు నుంచి చూడటానికే అయిపోయింది.

“మీ అమ్మకి నీళ్లంటే భయం” అంటారు నాన్న ఇప్పటికీ. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది.

మొన్న పాత స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఓ అంకుల్ అదే కార్డు పెట్టారు, “గోల్డెన్ డేస్!” అని. కింద వరసగా నవ్వు బొమ్మలు. నాన్న ఓ హార్ట్ కూడా పెట్టారు. “అంకుల్, అది మా అమ్మ. దయచేసి తీసెయ్యండి” అని రాశాను. “టేక్ ఇట్ ఈజీ అమ్మా, ఓల్డ్ మెమరీస్” అన్నారు. తియ్యలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా... ఓల్డ్ మెమరీసే!

ఎవరో చెబితే తెలిసే కంటే నయమని ఫోను నేనే అమ్మకిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

“ఆవేళ నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయే...” అంది.

“పదమ్మా, ఈ ఆదివారం వెళ్దాం. నేనూ దిగుతా.”

“దేనికే, ఇంకో కార్డుకా?” అని ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పుడు నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలంటే కనీసం స్టాంపు అంటించాలి, పోస్టు డబ్బా దాకా నడవాలి. ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు. మీ దగ్గరా ఇలాంటి సరదా బొమ్మలు ఉండే ఉంటాయి... పెట్టండి, చూస్తాను. పెట్టేముందు మాత్రం, అందులో ఉన్నావిడ మళ్లీ ఎప్పుడైనా నీళ్లలోకి దిగిందేమో ఒక్కసారి కనుక్కోండి.