సువార్తమ్మ విన్న పొర

1963 వేసవిలో నన్ను మద్రాసు వర్క్‌షాపు నుంచి నెల్లూరు బ్రాంచికి అసిస్టెంట్ సర్వీస్ ఇంజనీరుగా వేశారు. మాది రేడియోలు, గ్రామఫోన్లు, సినిమా హాళ్ల ఆంప్లిఫైయర్లు అమ్మి మరమ్మతు చేసే కంపెనీ. నెల్లూరు నుంచి తడ దాకా నా పరిధి. ఉప్పుగాలికి రేడియోల్లో తీగలు చిలుము పట్టేవి. వాటిని గీకి శుభ్రం చేయడంతోనే రోజులు గడిచేవి. చేరిన మూడో నెలలో గూడూరు నుంచి ఒక ఆర్డరు వచ్చింది. బ్రాంచి మేనేజరుగారు నన్ను లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడారు.

గూడూరులో అభ్రకం ఎగుమతి చేసే పెంచలరెడ్డిగారు కొత్త ఇల్లు కట్టారు. మద్రాసులో ఒక స్నేహితుడింట్లో విదేశీ లౌడ్‌స్పీకరు విని వచ్చి, తన హాల్లో అంతకన్నా మంచిది ఉండాలన్నారు. కంపెనీ రెండు రకాలు రైల్లో పంపింది. ఒకటి మూలన నిలబెట్టే బీరువా అంత పెట్టె, లోపల పదిహేను అంగుళాల స్పీకరు. రెండోది నడుమెత్తు పెట్టె. అందులో మంద్రస్వరాలకు పన్నెండు అంగుళాల స్పీకరు, పైస్వరాలకు విడిగా చిన్నది. రెండూ వినిపించి, వారు ఎంచుకున్నదాన్ని అమర్చి, ఇన్‌స్టలేషన్ రిపోర్టు మీద సంతకం తీసుకురావడం నా పని. పద్ధతి ప్రకారం అంతే. మేనేజరుగారు మాత్రం ఇంకో రెండు ముక్కలు చెప్పారు. పెద్దది మద్రాసు గోడౌనులో చాలాకాలంగా పడివుందని ఒకటి, నా ప్రొబేషను కాగితాలు ఆ నెలలోనే పైకి వెళ్తాయని రెండోది.

పాట వినిపించే ముందు ఆసిలేటరుతో పరీక్ష చేయాలి. అది ఒకే స్వరాన్ని అట్టడుగు నుంచి పైదాకా మెల్లగా పెంచుకుంటూ పోయే యంత్రం. ఎక్కడెక్కడ స్పీకరు ఎంత పలికిందో మీటరులో చూసి రాసుకుంటాం. ముందు పరీక్షించిన పెద్ద పెట్టె దాదాపు అన్నిచోట్లా సమంగా పలికింది. సెకనుకు రెండు వందల కంపనాల దగ్గర మాత్రం మీటరు ముల్లు కొంచెం ఎగిరింది. కొత్త హాలు, ఉత్త గోడలు, ప్రతిధ్వని అయివుంటుందనుకున్నాను. నోటుబుక్కులో ఆ అంకె పక్కన 'గది ప్రభావం' అని రాసి ముందుకు వెళ్లాను.

తర్వాత ఒక గాయని గ్రామఫోన్ రికార్డు పెట్టాను. పెంచలరెడ్డిగారు రొమ్ము మీద చెయ్యి వేసుకుని, "ఇక్కడ మోగుతుండాదయ్యా" అన్నారు. రెండోదాన్ని వినకుండానే పెన్ను తీశారు. రిపోర్టు ఆయన ముందు పెట్టాను. వద్దనడానికి నాకేం కారణం కనిపించలేదు.

అప్పుడే సువార్తమ్మ అభ్రకం రేకుల పళ్లెంతో వచ్చి గడప దగ్గర ఆగింది. రెడ్డిగారి షెడ్డులో ఆమె మేస్త్రీ. కత్తులతో అభ్రకాన్ని పొరలు పొరలుగా విడదీసే ఆడవాళ్లందరూ ఆమె చేతికింద పనిచేసేవారు. పొరల మధ్య గాలి చొరబడిన రేకు ఎలక్ట్రిక్ సామాన్లకు పనికిరాదు. అటువంటిదాన్ని ఏరడానికి ఆమె రేకును చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటుతుందట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

పాట అయిపోయేదాకా నిలబడి, "ఆ పాడే ఆమె వెనకమాల ఇంకెవరో గొణుగుతుండారు సార్" అంది.

రెడ్డిగారు నవ్వారు. "గొణిగేది నువ్వే సువార్తమ్మా. ఇంజనీరుగారు మిషను పెట్టి చూసినారు."

"మిషను సంగతి నాకు తెలీదయ్యా. ఇనబడింది చెప్పినా."

నాకు నోటుబుక్కులోని అంకె గుర్తొచ్చింది. ఆ గొణుగుడు ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పగలవా అని అడిగాను. ఇంకా తిరుగుతున్న రికార్డును ఆపమంది. ఆపాను. పళ్లెం కింద పెట్టి, పెట్టె పక్కచెక్క మీద చెవి ఆనించి, గోటితో మీటుకుంటూ పైనుంచి కిందికి వచ్చింది. ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ మీటింది.

"ఇక్కడ పొర వదిలింది సార్."

నా పెన్సిలు అడిగి తీసుకుని ఆ చోట అరచెయ్యంత గుడ్డు ఆకారంలో గీత గీసింది. నేనూ మీటి చూశాను. గీత లోపలికీ బయటికీ నా చెవికి తేడా తెలియలేదు. ఆసిలేటరును రెండు వందల దగ్గర నిలిపి, ఆ గీత లోపల అరచెయ్యి పెట్టాను. గుప్పిట్లో తుమ్మెదను పట్టుకున్నట్టు చెక్క అదురుతోంది. చెయ్యి అంగుళం పక్కకు జరిపాను. అక్కడ ఏమీ లేదు. ప్లైవుడ్ అంటే పలుచని చెక్కలు ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించింది. లోపలెక్కడో జిగురు వదిలి, స్పీకరుతోపాటు ఆ చెక్క కూడా పాడుతోంది. ఆ గీత మీంచి చెయ్యి తీయబుద్ధి కాలేదు. నేను అయిదేళ్లు చదువుకున్న విద్య ఆమె గోటి చివర ఉందనిపించింది.

"అంటే ఇప్పుడు సంతకం పెట్టాల్నా, వద్దా?" అన్నారు రెడ్డిగారు.

ప్రొబేషను కాగితాలు కళ్లముందు మెదిలిన మాట నిజం. "వద్దండీ. నేను పొరపాటు రాశాను" అన్నాను.

రెండో పెట్టెను ఈసారి మీటరుతో మొదలుపెట్టలేదు. రెడ్డిగారు వాకిట్లోకి వెళ్లినప్పుడు, వెంట తెచ్చిన టేపు రికార్డరు దగ్గర సువార్తమ్మను కూర్చోబెట్టి, రేకులు మీటుతూ మాట్లాడమన్నాను. "ఇది మంచిది, ఇది కాదు" అని షెడ్డులో ఏరినట్టే చెప్పుకుంటూ పోయింది. తర్వాత పెట్టెకు అడ్డంగా దుప్పటి కట్టి, రెడ్డిగారిని లోపలికి పిలిచి ఆ టేపును ఆ పెట్టెలో పలికించాను. ఆయన కాసేపు విని, దుప్పటి వైపు చూసి కేకేశారు.

"చాల్లే సువార్తమ్మా, రేకులు పాడయిపోతాయి!"

ఆమె ఆయన వెనక గోడ పక్కన నిలబడి ఉంది. "నేనీడుండాను గదయ్యా" అంది. రెడ్డిగారు ఆమెనీ దుప్పటినీ మార్చి మార్చి చూశారు. హాల్లో స్పీకరు లేనట్టే ఉంది, మనిషి మాత్రం ఉంది. ఎన్నో స్పీకర్లు బిగించాను గాని, అంతవరకు అలా వినలేదు.

ఆయన రెండోదానికే సంతకం పెట్టారు. మేనేజరుగారు వారం దాకా నాతో మాట్లాడలేదు. నా ప్రొబేషను ఆరు నెలలు పొడిగించారు. తిరిగొచ్చిన పెద్ద పెట్టెను మా వడ్రంగి ఆ పెన్సిలు గీత వెంబడే కోశాడు. రెండు పొరల మధ్య పోస్టుకార్డు దూరేంత సందు ఉంది. అది గీత దాటి ఏ వైపుకూ పోలేదు. మద్రాసు నుంచి తనిఖీకి వచ్చిన చీఫ్ ఇంజనీరుగారు దాన్ని చూసి, ఏ మీటరుతో పట్టుకున్నావని అడిగారు. జరిగింది చెప్పాను. ఆయన ఆ ముక్కను కాగితంలో చుట్టించుకుని తన వెంట తీసుకెళ్లారు.

ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ, తేడాగా కనిపించిన అంకెకు కారణం దొరకక ముందు పేరు పెట్టలేదు. ఏ ఇంటికి స్పీకరు ఎంచాల్సి వచ్చినా, ఆ ఇంట్లో చెవితో పనిచేసే మనిషి ఎవరో ముందు అడిగేవాణ్ణి. రిపోర్టు వాళ్లు విన్నాకే రాసేవాణ్ణి.